సెవియా పాతపేటలో చిన్న హోటల్లో దిగాలంటే ఎలా?

స్పెయిన్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది మాడ్రిడ్, బార్సిలోనా చూసుకుని వెనక్కి వచ్చేస్తారు. మీరు కాస్త కిందికి, సెవియా దాకా వెళ్తున్నట్టయితే (ఇంగ్లిష్‌లో సెవిల్ అంటారు, ఊరు అదే) పెద్ద రోడ్డు మీది పెద్ద హోటల్ మానేసి శాంతా క్రూజ్ పేటలో రెండు మూడు రాత్రులు ఉండండి. ఇది ఒకప్పటి యూదుల పేట. 1248లో రాజు మూడో ఫెర్నాందో ఊరిని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నాక యూదులు ఇక్కడ ఉండేవారు, 1391 దాడులతో పేట చెల్లాచెదురైంది, మనుషులు పోయినా సందులు మిగిలాయి. ఆ సందుల్లోని పాత ఇళ్లను కొన్నింటిని పది, ఇరవై గదుల హోటళ్లుగా మార్చారు. బొటిక్ హోటల్ అని ఇక్కడ అనేది వాటినే.

బుక్ చేసే ముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకోండి. మీరు దిగేది హోటల్‌గా కట్టిన భవనంలో కాదు, ఎవరో కాపురం చేసిన ఇంట్లో. గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి చూసినవాళ్లకి నేను పెద్దగా చెప్పక్కర్లేదు: మధ్యలో ఆకాశం కనబడే చోటు, చుట్టూ వసారా, దాని వెనక గదులు. అక్కడ ఆ మధ్య చోటుని పాతియో అంటారు. ఇంట్లో అన్ని గదులూ ఒకలా ఉండవు కదా, ఈ హోటళ్లలోనూ అంతే. ఫోటోలో చూసిన గది, మీకిచ్చే గది వేరువేరు అయ్యే అవకాశం బాగా ఎక్కువ.

ముందు నెల చూసుకోండి

జులై, ఆగస్టులో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. విజయవాడ ఎండలకి అలవాటు పడ్డాం, మాకేంటి అనుకోకండి, సెలవులకి వెళ్లి మధ్యాహ్నమంతా ఏసీ గదిలో కూర్చోవడం దండగ. ఫిబ్రవరి, మార్చి మొదట్లో, లేదా అక్టోబరు, నవంబరు హాయిగా ఉంటుంది. ఈస్టర్ ముందు వచ్చే సెమానా శాంతా వారం, ఆ తర్వాత వచ్చే ఫేరియా అనే జాతర వారం చూడ్డానికి అద్భుతమే, కానీ గదుల ధరలు చుక్కల్లో ఉంటాయి. సెమానా శాంతాలో ఊరేగింపులు అర్ధరాత్రి దాటాక కూడా నడుస్తూనే ఉంటాయి, మీ హోటల్ అవతలి వీధిలోనే ఉన్నా జనంలోంచి పెట్టె లాక్కుంటూ దాటలేరు. ఆ వారమే కావాలనుకుంటే ఊరేగింపులు మొదలవకముందే, పొద్దున్నే చేరిపోండి.

గది ఎంచుకోవడం, అసలు పని ఇదే

మొదటిసారి నేను బోల్తా పడింది ఇక్కడే. చవగ్గా వచ్చింది కదా అని 'ఇంతెరియోర్' అని రాసున్న గది తీసుకున్నాను. లోపలి వైపు అంటే పాతియో వైపనే కదా, పూలకుండీలూ ఫౌంటెనూ కనబడతాయి అనుకుని సంబరపడ్డాను. కిటికీ తెరిచాను. ఎదురుగా రెండు బారల దూరంలో గోడ, దాని మీద ఒక పైపు, పైన రుమాలంత ఆకాశం. గాలీ వెలుతురూ రావడానికి భవనం మధ్యలో వదిలిన గొయ్యి అది. హోటల్‌వాళ్లు అబద్ధం చెప్పలేదు, నేనే అడగలేదు.

కాబట్టి ఇంతెరియోర్ అని ఉంటే, కిటికీ పెద్ద పాతియోలోకి తెరుచుకుంటుందా, లేక గాలి కోసం వదిలిన సందులోకా అని ముందే అడగాలి. 'ఎక్స్‌తెరియోర్' అంటే వీధి వైపు. వెలుతురు బాగుంటుంది, ఒక్కోసారి చిన్న బాల్కనీ కూడా ఉంటుంది, కానీ కింద బార్ ఉంటే రాత్రి ఒంటిగంట దాకా మాటలు మీ దిండు పక్కనే వినిపిస్తాయి. సందులు సన్నం, గోడలు ఎత్తు, చప్పుడు ఎటూ పోదు. నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్లకి నా సలహా పాతియో వైపు పై అంతస్తు గది. కింది పాతియో పక్క గది చల్లగా ఉంటుంది కానీ పొద్దున్న టిఫిన్ గిన్నెల మోతతో లేస్తారు.

అంతస్తుల లెక్క మనలాగే: ప్లాంతా బాహా అంటే గ్రౌండ్ ఫ్లోర్, ప్రిమేరా అంటే దాని పైది. లిఫ్ట్ మాత్రం తప్పకుండా అడగండి. పాత ఇల్లు కాబట్టి లిఫ్టే లేకపోవచ్చు, ఉన్నా చివరి అంతస్తుకి వెళ్లకపోవచ్చు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఇంకా జాగ్రత్త. మంచం సంగతి కూడా చూసుకోండి, 'కామా దే మాత్రిమోనియో' అంటే ఒకే డబుల్ బెడ్, 'దోస్ కామాస్' అంటే రెండు విడి మంచాలు.

ఈ ప్రశ్నలన్నీ కలిపి హోటల్‌కే ఒక మెయిల్ కొట్టండి, ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లు చాలు. కిటికీ ఎటు, లిఫ్ట్ ఎంతవరకు, రిసెప్షన్ రాత్రి ఎన్నింటిదాకా, టాక్సీ ఎక్కడ దింపుతుంది. చిన్న హోటళ్లకి ఇదొక సుఖం, జవాబు రాసేది చాలాసార్లు రేపు మీకు తాళం ఇచ్చే మనిషే. జవాబులో విసుగు కనబడితే ఇంకో హోటల్ చూసుకోండి. ఇంకోటి, వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వాపసు వచ్చే బుకింగే చేయండి, పదిహేను యూరోలు తగ్గుతుందని రద్దు చేయలేనిది తీసుకుని తర్వాత టెన్షన్ పడొద్దు.

చేరడం

మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి ఆవే అనే హైస్పీడ్ రైల్లో సుమారు రెండున్నర గంటలు, సెవియాలో శాంతా హుస్తా స్టేషన్లో దిగుతారు. విమానంలో వస్తే ఈఏ అనే ఎయిర్‌పోర్ట్ బస్సు ప్రాదో దే సాన్ సెబాస్తియాన్ దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి పేట నడక దూరమే. టాక్సీ అయితే విమానాశ్రయం నుంచి ఊళ్లోకి నిర్ణయించిన ధర ఉంటుంది, రాత్రిపూట, సెలవు రోజుల్లో ఎక్కువ. ఏదైనా సరే, చాలా సందుల్లోకి కారు రాదు. టాక్సీ అతను మురీయో తోటల పక్కన దింపేసి అటు అని చెయ్యి చూపిస్తాడు. అక్కడి నుంచి రాళ్లు పరిచిన దారి, చక్రాల పెట్టె గోల గోల చేస్తుంది, పైగా ఎత్తైన గోడల మధ్య ఫోన్‌లో మ్యాప్ చుక్క అటూ ఇటూ గెంతుతుంటుంది. హోటల్ నుంచి దారి ముందే అడిగి ఉంచుకోండి. నాకు ఆనవాలుగా పనికొచ్చింది ప్లాసా దే శాంతా క్రూజ్ అనే చిన్న కూడలి మధ్యలో ఉన్న ఇనప శిలువ. అక్కడ ఒకప్పుడు ఉన్న చర్చిలోనే చిత్రకారుడు మురీయోని పాతిపెట్టారు, ఫ్రెంచి సైన్యం వచ్చిన కాలంలో ఆ చర్చిని కూల్చేశారు.

తలుపు దగ్గర పాస్‌పోర్టు అడుగుతారు, అందరిదీ. అనుమానం కాదు, దిగినవాళ్ల వివరాలు నమోదు చేయడం అక్కడి చట్టం, 2024 డిసెంబరు నుంచి ఇంకా ఎక్కువ వివరాలు అడుగుతున్నారు. చెక్-ఇన్ మధ్యాహ్నం రెండు మూడు తర్వాతే, ముందే చేరితే సామాను పెట్టేసి బయటికి పొండి. రాత్రి రిసెప్షన్ మూసేస్తే వీధి తలుపుకి కోడ్ ఇస్తారు. ఫోన్ చార్జింగ్ అయిపోయి కోడ్ గుర్తులేక గుమ్మం ముందు నిలబడే పరిస్థితి రాకుండా కాగితం మీద రాసి పెట్టుకోండి. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడ ఎక్కదు, అడాప్టర్ తీసుకెళ్లండి. బాత్రూంలో మగ్గు ఉండదు, ఇంతకంటే వివరంగా చెప్పను.

ఉన్నన్నాళ్లూ

పొద్దున్న తొమ్మిది లోపల ఒకసారి బయటికి రండి. ఈ పేటలో ఉండటానికి ఇంత డబ్బు పెట్టేది ఆ గంట కోసమే. పదికల్లా గైడ్ల జెండాల వెనక గుంపులు దిగుతాయి, కాయ్యే దెల్ ఆగ్వా లాంటి సందుల్లో భుజాలు రాసుకుంటూ నడవాలి. అల్కాసార్ కోటకి టైమ్ స్లాట్ టికెట్ ముందే కొనాలి. పెద్ద చర్చి పక్కనున్న హిరాల్దా గోపురం ఎక్కడానికి భయపడకండి, లోపల దాదాపు మెట్లే ఉండవు, 35 వాలు దారులు. అది ఒకప్పుడు పన్నెండో శతాబ్దపు మసీదు మినార్, గుర్రం మీద ఎక్కేలా కట్టారంటారు.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా చాలా కొట్లు మూసి ఉంటాయి. అప్పుడు మీరూ రూమ్‌కి వచ్చేయండి. కిటికీకి పెర్సియానా అనే చుట్టే షట్టర్ ఉంటే పూర్తిగా దించి గది చీకటి చేయండి, వేసవిలో మనిళ్లలో తలుపులు దగ్గరకేసి కూర్చునే పద్ధతే. లేదా పాతియోలో ఒక కుర్చీ చూసుకోండి. నడుము ఎత్తు దాకా రంగుపలకలు, పైన సున్నం గోడ, తడి కుండీల వాసన. మార్చి చివర అయితే నారింజ పూల వాసన గోడ దాటి వస్తుంది. వీధి నిండా కాసే ఆ కాయలు చూసి కోసుకుని తినబోకండి, పులుపూ చేదూ. మనం పచ్చడి పెట్టుకునే పుల్లటి నారింజకి దగ్గరి చుట్టం. అక్కడ దాన్ని నరాంహా అంటారు, మన నారింజా అదీ ఒకే మాట, ఇటు నుంచి పారశీకం, అరబ్బీ మీదుగా నడుచుకుంటూ వెళ్లింది.

హోటల్ టిఫిన్ ధర చూసి ఎక్కువనిపిస్తే పక్క వీధి బార్‌లో టమాటా రాసిన రొట్టె, కాఫీ తీసుకోండి, చాలా తక్కువలో అయిపోతుంది. శాకాహారులు 'మాంసం వద్దు' అంటే సరిపోదు. చాలామంది లెక్కలో హామ్ (పంది తొడ మాంసం) మాంసం కిందికి రాదు, అందుకని 'సిన్ హమోన్, సిన్ అతూన్' అని హామూ ట్యూనా చేపా విడివిడిగా వద్దనాలి. ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ తప్పక అడగండి, పాలకూర, తెల్ల శనగలు, జీలకర్ర, మనింటి కూరకి దూరపు బంధువులా ఉంటుంది. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకి ముందు దొరకడం కష్టం, ఆకలికి ఆగలేనివాళ్లు సంచీలో ఏదో ఒకటి ఉంచుకోండి.

వెళ్లేరోజు తెల్లవారుజామున రైలు ఉంటే ముందురోజు సాయంత్రమే రిసెప్షన్‌లో చెప్పి డబ్బు కట్టేసి, టాక్సీ ఎక్కడికి వస్తుందో ఖాయం చేసుకోండి. ఆ వేళ సందుల్లో పిట్ట కూడా కదలదు. పెట్టెని ఆ రాళ్ల మీద ఈడ్చకండి, పెద్ద రోడ్డు దాకా చేత్తో మోసుకుపొండి, అటూ ఇటూ కిటికీల వెనక జనం పడుకుని ఉంటారు.