వేటాడే చేపలకు మేతగా కాన్విక్ట్ సిక్లిడ్‌లను పెంచడం ఎలా?

ఆస్కార్, అరోవానా లాంటి చేపలు పెంచేవాళ్లు చాలామంది వాటికి షాపులో దొరికే చిన్న గోల్డ్‌ఫిష్‌లను వేస్తుంటారు. ఈ అలవాటు మానుకోవాలి. గోల్డ్‌ఫిష్‌లో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ విటమిన్ బి1ను పాడుచేస్తుంది. రోజూ అవే తింటే చేప ఆరోగ్యం దెబ్బతింటుంది. పైగా కిక్కిరిసిన తొట్టెల నుంచి వచ్చే చేపలతో పాటు వైట్ స్పాట్ లాంటి జబ్బులూ వచ్చేస్తాయి. బతికున్న మేత వేయాలనుకుంటే అది మన ట్యాంక్‌లో, మన చేతి మీద పెరిగినదైతేనే నమ్మకం. అందుకు నల్లచారల కాన్విక్ట్ సిక్లిడ్ అనే చిన్న చేప బాగా పనికొస్తుంది. ఇది గట్టి చేప, గుడ్లు పెట్టించడానికి పెద్దగా తంటాలు పడక్కర్లేదు.

ముందు జత కుదరాలి. ఐదారు పిల్లలను తెచ్చి కలిపి పెంచితే వాటిలో అవే జతకడతాయి. మగది పెద్దగా, పొడవాటి రెక్కలతో ఉంటుంది. ఆడది చిన్నది, పొట్ట దగ్గర నారింజ రంగు కనిపిస్తుంది. తెచ్చిన చేపలను కనీసం మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి గమనించండి. ఈ మెట్టు వదిలేస్తే ఇంట్లో పెంచి ప్రయోజనం లేదు.

జతకు 80 లీటర్ల ట్యాంక్ చాలు. నీటి వేడి 26–28 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫిల్టర్ మాత్రం స్పాంజ్‌దే పెట్టండి, మిగతావి పిల్లలను లాగేస్తాయి. అడుగున సన్నటి ఇసుక వేసి, ఒక మట్టి కుండీని పక్కకు పడుకోబెట్టండి. దాని లోపలి గోడకే గుడ్లు అంటిస్తాయి. పిల్లల కోసం ఇంకో పెద్ద ట్యాంక్‌ను గుడ్లు పెట్టకముందే సిద్ధం చేసుకోండి.

గుడ్లు సుమారు మూడు రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు మరో నాలుగైదు రోజులు తోక ఆడిస్తూ అడుగునే ఉండి, తర్వాత గుంపుగా ఈదుతాయి. అప్పుడు తల్లిని గమనించండి. అడుగున వాలి రెక్కలతో ఇసుకను గబగబా కదుపుతుంది. పైకి లేచిన నలుసులను పిల్లలు చుట్టూ చేరి తింటాయి. ఎంత చూసినా తనివితీరదు.

ఇక్కడి నుంచి మీ పని. అప్పుడే పొదిగిన ఆర్టీమియాకు (ఉప్పునీటిలో బతికే, రొయ్యలాంటి అతిచిన్న జీవి) మించిన మేత లేదు. లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు కలిపి, ఆర్టీమియా గుడ్లు వేసి, గాలి గొట్టం పెట్టి, లైటు కింద ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. రోజుకు మూడు నాలుగు సార్లు, కొద్దికొద్దిగా. పొట్టలు నారింజ రంగులో ఉబ్బితే తిన్నట్టే. వారం పది రోజుల తర్వాత మెత్తగా పొడిచేసిన పెల్లెట్లు (గుళికల మేత) మొదలుపెట్టవచ్చు. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పెరిగితే ఒక్క రాత్రిలో గుంపంతా పోతుంది. అందుకే పైపుతో అడుగు శుభ్రం చేస్తూ, వారానికి రెండుసార్లు పావు వంతు నీళ్లు మార్చండి.

పిల్లలు సెంటీమీటరు దాటాక పెద్ద ట్యాంక్‌లోకి మార్చండి. లేదంటే తల్లిదండ్రులు మళ్లీ గుడ్లు పెట్టే ముందు ఈ పిల్లలనే తరిమికొడతాయి.

మేతకు వేసే ముందు రోజు పిల్లలకు నాణ్యమైన పెల్లెట్లు కడుపునిండా పెట్టండి. వాటి కడుపులో ఉన్నదే మీ పెద్ద చేపకూ అందుతుంది. సిక్లిడ్ వెన్ను రెక్కకు ముళ్లుంటాయి కాబట్టి పెద్ద చేప నోట్లో తేలిగ్గా పట్టే చిన్నవాటినే ఎంచండి. తినగలిగినన్నే వేయండి. మిగిలిన పిల్లలు భయంతో మూలల్లో రోజులు గడిపేలా చేయడం తప్పు. వారానికి ఒకటి రెండు సార్లు చాలు, రోజువారీ తిండి పెల్లెట్లే కావాలి.

పిల్లలు మరీ ఎక్కువవుతుంటే మగదాన్నీ ఆడదాన్నీ విడదీయండి. మిగిలినవాటిని తెలిసిన పెంపకందారులకు ఇవ్వండి. చెరువులో, కాలువలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. అక్కడ స్థిరపడితే స్థానిక చేపల చోటునూ తిండినీ ఆక్రమిస్తాయి.