రెండో తరగతి మొదటి టర్మ్: ఒత్తులు, తీసివేతలు ఇంట్లో ఎలా గట్టిపరచాలి

జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా రెండో తరగతి పిల్లలకు అసలు కష్టం రెండు చోట్ల ఎదురవుతుంది. ఒకటి ఒత్తులున్న మాటలు చదవడం, రెండోది లెక్కల్లో పదుల స్థానం. ఈ రెండూ కుదరకుండా పై తరగతికి వెళ్తే, మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం పాఠం ముందు కూడా పిల్లలు ఆగిపోతారు. అక్కడ ఇబ్బంది పాఠంతో కాదు, చదవడంతోనే.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం రెండో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 దాకా సంఖ్యలు చదివి రాయాలి, 99 లోపు తీసివేతలు చేయాలి. ఇది ఏడాది చివరికి చేరాల్సిన గురి. ఆగస్టులోనే గడియారం పట్టుకుని కూర్చోకండి. పైగా తెలుగు మాటలు పొడుగు: ‘ఇంటికెళ్ళిపోయాడు’ ఒక్కటే మాట, అందులో ఏడు అక్షరాలు. ఈ టర్మ్‌లో వేగం కన్నా తప్పులు లెక్కపెట్టడమే మేలు. పేజీకి ఐదారు మాటల కన్నా ఎక్కువ చోట్ల తడబడితే ఆ పేజీ ఇంకా బరువన్నమాట, కాస్త తేలికైనది ఇవ్వండి.

ముందు గుణింతం చూడండి

‘క కా కి కీ’ అని గడగడా అప్పజెప్పే పిల్లలు చాలామంది ‘కె’ను విడిగా చూపిస్తే గుర్తుపట్టలేరు. వాళ్లకు వచ్చింది వరుస, అక్షరం కాదు. పన్నెండు చీటీల మీద కె, తీ, బు, గొ, మ, వు, పు, యి, మొ, నై, సో, దౌ రాసి కలిపేసి ఒక్కొక్కటే చూపండి. మ, వు, పు దగ్గర తప్పడం మామూలే, ఆకారాలు అంత దగ్గరగా ఉంటాయి. యి, మొ మిగతా గుణింతాల పద్ధతిలో ఉండవు కాబట్టి వాటిని విడిగా నేర్పాలి. పన్నెండులో నాలుగు తప్పితే ఒత్తుల జోలికి వెళ్లకండి, వారం పాటు చీటీలే ఆడించండి.

ఒత్తులు

చాలా ఒత్తులు వాటి అక్షరాన్నే పోలి ఉంటాయి: డ కింద డ, గ కింద గ, తలకట్టు తీసేసినట్టు. పిల్లల్ని తికమక పెట్టేవి ఏడు: త, న, మ, య, ర, ల, వ. వీటి ఒత్తుకూ అక్షరానికీ పోలికే కనబడదు. ఇంట్లో రోజూ వినే మాటల్లోనే ఈ ఏడూ దొరుకుతాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, చెల్లి, అవ్వ. ఈ ఏడు మాటలూ ఒక అట్ట మీద పెద్దగా రాసి, ఒత్తును మాత్రం ఎర్ర స్కెచ్ పెన్నుతో దిద్ది, అన్నం తినే చోట గోడకు అంటించండి. రోజుకు రెండు మాటల చొప్పున చాలు.

ఒకే అక్షరం ఒత్తుగా వచ్చే ఇలాంటి మాటలు తప్పు లేకుండా వచ్చాకే పుస్తకం, సూర్యుడు, బస్తీ లాంటివి మొదలుపెట్టాలి. ఇక్కడ వచ్చే తప్పు దాదాపు అందరిదీ ఒకటే: ‘బస్తీ’ని ‘బసీత’ అని చదువుతారు. దీన్ని అజాగ్రత్త అనుకుని కసరకండి. గుడిదీర్ఘం కంటికి స మీద కనిపిస్తుంది, పలకడంలో మాత్రం త తర్వాత వస్తుంది. కంటికి కనబడిన వరుసలోనే చదివారు, అంతే. పలక మీద ఇలా విడగొట్టి చూపండి. ముందు ‘స’ రాసి పలికించండి. దాని కింద త ఒత్తు పెట్టి ‘స్త’ అనిపించండి. తర్వాత అదే అక్షరానికి స్తా, స్తి, స్తీ అని గుణింతం మార్చండి. చివర్లో ముందు ‘బ’ చేర్చండి. మిత్రుడు కూడా ఇంతే: త, త్ర, త్రు, మిత్రుడు. రోజుకు నాలుగు మాటలు మించొద్దు. వస్త్రం లాంటి రెండు ఒత్తుల మాటలు దసరా తర్వాత చూసుకోవచ్చు.

చదువుతూ ఆగిపోయినప్పుడు వెంటనే మాట అందించకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మాత్రం పలకండి. మాట మొత్తం అందిస్తూ పోతే పిల్లలు పుస్తకం వదిలేసి మీ మొహం చూడటం అలవాటు చేసుకుంటారు. బ, భ, ద, ధ తేడాల మీద మాత్రం ఈ టర్మ్‌లో పట్టుబట్టకండి. రాతలో తప్పితే పక్కన సరైనది రాసి ఊరుకోండి.

ప్రభుత్వ బడుల లెక్కల పుస్తకాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పుస్తకాలే, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియం పిల్లలైనా లెక్కల పాఠం ముందు తెలుగు పేజీలో చదివించండి. సంగతి అర్థమైతే ఇంగ్లీషు మాటలు పట్టుకోవడం సులువు.

లెక్కలు

ఇరవై మూడును 203 అని రాస్తున్నారా? విన్నది విన్నట్టు రాశారు, ఇరవై, పక్కన మూడు. పదమూడును 31 అని రాస్తుంటే ఇంగ్లీషు ‘థర్టీన్’లో మూడు ముందు వినబడటం కారణం కావచ్చు. రెండింటికీ మందు చీపురు పుల్లలే. వంద పుల్లలు సమంగా విరిచి, పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఏ సంఖ్య చెప్పినా ముందు కట్టలు, పుల్లలు పెట్టాలి, ఆ తర్వాతే రాయాలి.

తీసివేతలో 52 − 27కి చాలామంది 35 అని రాస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేస్తారు. ‘అప్పు తెచ్చుకో’ అని సూత్రం చెబితే రెండు రోజుల్లో మరిచిపోతారు. 5 కట్టలు, 2 పుల్లలు ముందు పెట్టి 27 ఇమ్మనండి. చేతిలో విడి పుల్లలు రెండే ఉంటాయి, ఏడు కావాలి. ఏం చేయాలో మీరు చెప్పకండి, ఆగండి. చాలామంది తామే కట్ట విప్పుతారు. ఇప్పుడు 12 పుల్లలు, 4 కట్టలు. ఏడు పుల్లలు, రెండు కట్టలు ఇచ్చేస్తే మిగిలేవి 2 కట్టలు, 5 పుల్లలు, అంటే 25. ప్రతి లెక్కా ఇలా పుల్లలతో చేసిన వెంటనే నోట్‌బుక్‌లో రాయించాలి. పుల్లలు ఒకరోజు, రాత ఇంకోరోజు అయితే ఆ రెండూ ఒకటేనని వాళ్లకు తట్టదు.

రోజుకు 25 నిమిషాలు సరిపోతుంది: చదవడం పది, లెక్కలు పది, ఐదు మాటల డిక్టేషన్‌కు ఐదు. ఆదివారం సెలవు ఇవ్వండి. మీకు చదవడం రాకపోయినా ఈ పని ఆగనక్కర్లేదు. పిల్లలు చదువుతుంటే వినండి, చదివాక ‘ఎవరెవరు వచ్చారు? ఏమైంది?’ అని అడగండి. జవాబు పొంతన లేకుండా ఉంటే అక్షరాలు పలికారే గానీ అర్థం కాలేదని తెలిసిపోతుంది.

తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతో పాటు మూడు సంగతులు అడగండి: క్లాసులో ఏ ఒత్తుల దాకా వచ్చారు, చూడని పేజీ ఇస్తే చదువుతున్నారా, తీసివేతలో ఎక్కడ ఆగుతున్నారు. బోర్డు మీదవి తప్పుగా ఎక్కించుకుంటూ, ఇంట్లో పుస్తకం మాత్రం సరిగ్గా చదువుతుంటే ముందు కళ్లు చూపించండి, ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచర్‌కు చెప్పండి.