కెమ్‌సెక్స్ అలవాటుకు సీమలో సాయం ఎక్కడ, ఎలా అడగాలి

లైంగిక కలయికలో ఉద్రేకం కోసమో, బిడియం పోవడానికో మెఫెడ్రోన్, క్రిస్టల్ మెత్, జీహెచ్‌బీ వంటి మత్తుపదార్థాలు వాడడాన్ని కెమ్‌సెక్స్ అంటున్నారు. లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్‌లో దీనికోసమే సలహాదారులు ఉంటారు గానీ, కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో ఆ పేరున్న బోర్డు కోసం వెతకడం కాలం వృథా చేసుకోవడమే. ఇక్కడ సాయం రెండు చోట్ల ఉంది: హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల విభాగం ఒకటి, మానసిక వైద్య విభాగం మరొకటి. మొదటిచోట మత్తు సంగతి, రెండోచోట లైంగిక సంగతి దాస్తే రెండు వైద్యాలూ సగంలోనే ఆగుతాయి.

అన్నిటికన్నా తొందరపడవలసింది పెప్, అంటే ప్రమాదం జరిగాక హెచ్‌ఐవీ సోకకుండా ఆపడానికి వాడే మందు విషయంలో. కండోమ్ లేకుండా కలిసినా, ఒకరి సిరంజి మరొకరు వాడినా 72 గంటలలోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే దీన్ని మొదలుపెట్టి 28 రోజులు మింగాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో, అనంతపురం సర్వజనాసుపత్రిలో, జనం ఇప్పటికీ రిమ్స్ అనే కడప ఆసుపత్రిలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) కేంద్రాలున్నాయి. ఆదివారమైతే అత్యవసర విభాగానికి వెళ్లాలి. “నిన్న రాత్రి పదకొండుకు మత్తులో కండోమ్ లేకుండా కలిశాను, పెప్ కావాలి” అని వేళతో సహా చెబితే డాక్టరుకు చాలు. అక్కడ కుదరదంటే ప్రైవేటు వైద్యుడి చీటీతో కొనుక్కోవడం మేలు, సోమవారం దాకా ఆగకూడదు.

ఐసీటీసీలనే ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష, సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధుల పరీక్ష ఉచితం. సిరంజి వాడినవారు హెపటైటిస్ సి పరీక్ష కూడా అడగాలి, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దాని చికిత్సకూ డబ్బు తీసుకోరు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. అయితే ఓపీ వరుసలో మేనమామ ఎదురుపడితే ఏ చట్టమూ ఆపలేదు కనుక, కర్నూలువారు అనంతపురంలో చేయించుకున్నా తప్పులేదు. దగ్గరి కేంద్రం ఎక్కడుందో హెచ్‌ఐవీ సహాయ నంబరు 1097కు ఫోన్ చేస్తే చెబుతారు. బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రికి కూడా హెచ్‌ఐవీ వైద్యంలో ఎంతోకాలంగా పేరుంది.

మత్తు లేకుండా కలయికే కుదరడం లేదనిపించినా, వాడిన తరువాత రోజుల తరబడి దిగులో, ఎవరో వెంటాడుతున్నారన్న భయమో పట్టుకున్నా మానసిక వైద్యుణ్ణి కలవాలి. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. వ్యసన విముక్తికి 14446 ఉంది. 1972 మాత్రం మత్తుపదార్థాల సమాచారం అందించే పోలీసు నంబరు, చికిత్సకు కాదు. వాడకం కేసులోనో, స్వల్ప పరిమాణం దొరికిన కేసులోనో ఉన్న వ్యసనపరుడు తానుగా గుర్తింపు పొందిన సంస్థలో చేరి చికిత్స పూర్తిచేస్తే, మత్తుపదార్థాల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రంలో చేరేముందు రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగండి. చూపకుండా తలుపులకు తాళాలేసే చోట చేరకండి.

మానేదాకా ప్రాణం నిలవాలి కదా. జీహెచ్‌బీతో మద్యం కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. పాపర్స్ అనే పీల్చే మత్తుద్రవంతో వయాగ్రా వంటి మాత్ర కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఏఆర్‌టీ మందుల్లో రిటోనావిర్ ఉంటే కొద్దిపాటి మత్తే ఎన్నోరెట్లు ఎక్కవచ్చు కాబట్టి, మందుల చీటీ చూపి వైద్యుణ్ణి అడగాలి. ఎవరి సిరంజి వారిదే, అదీ ప్రతిసారీ కొత్తది. పక్కవాడు పిలిస్తే పలకకపోతే నిద్రపోతున్నాడులే అని వదిలేయకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోన్ చేసి, వచ్చినవారికి ఏం వాడాడో, ఎప్పుడు వాడాడో చెప్పాలి.