అమెరికా ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు కాగితాలు

స్కాన్‌లు ఆన్‌లైన్‌లో పెట్టేశాం కదా అనుకోవద్దు. ఇంటర్వ్యూకు ఒరిజినల్స్ తీసుకెళ్లాల్సిందే. పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ లెటర్, డీఎస్-260 (ఆన్‌లైన్ ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు) కన్ఫర్మేషన్ పేజీ, 2×2 అంగుళాల ఫొటోలు రెండు (కళ్లజోడు లేకుండా) పైన ఉంచండి.

ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, టెన్త్ మెమోలో ఒక్క అక్షరంగా, బర్త్ సర్టిఫికెట్‌లో అసలు పేరే లేకుండా ఉంటుంది. అన్నీ పక్కపక్కన పెట్టి ముందే సరిచూడండి. జననం నమోదు కాకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ (రికార్డు లేదని ఇచ్చే పత్రం), దానికి తోడు తల్లిదండ్రుల అఫిడవిట్లు, స్కూల్ రికార్డు సిద్ధం చేయండి. ఇదే అన్నిటికంటే ఆలస్యమయ్యే పని, మొదట దీన్నే మొదలుపెట్టండి.

తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లిష్ అనువాదం కావాలి. అనువాదం సరైనదనీ, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం చేయాలి.

16 ఏళ్లు దాటినవారికి పోలీస్ క్లియరెన్స్ కావాలి. ఇండియాలో అది పాస్‌పోర్టు ఆఫీసు ఇస్తుంది. గల్ఫ్‌లోనో మరెక్కడో ఏడాది, అంతకుమించి ఉంటే అక్కడిదీ తేవాలి.

కుటుంబ వీసాలకు స్పాన్సర్ సంతకం చేసిన ఐ-864 (ఆర్థికంగా ఆదుకుంటానన్న హామీ పత్రం), ట్యాక్స్ పత్రాలు జతచేయండి. స్పాన్సర్ ఆదాయం చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌కు (తోడుగా హామీ ఇచ్చే మరొకరికి) వేరే ఐ-864 ఉండాలి. వైద్య పరీక్షల రిపోర్టు ఉన్న మెడికల్ కవరు చేతికిస్తే సీలు విప్పకండి.