ఎస్‌ఆర్‌యూలో ఫర్నేస్ ప్రెషర్ పెరుగుతోందా? కాటలిస్ట్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

ఎస్‌ఆర్‌యూ అంటే సల్ఫర్ రికవరీ యూనిట్, రిఫైనరీలో వచ్చే హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) విషవాయువుని సల్ఫర్‌గా మార్చేది. గ్యాస్ ముందు ఫర్నేస్‌లో కొంత కాలి, బాయిలర్ దాటి, కాటలిస్ట్ ఉండే కన్వర్టర్లూ, సల్ఫర్‌ని ద్రవంగా దింపే కండెన్సర్లూ దాటుకుని పోతుంది.

లక్షణం: రియాక్షన్ ఫర్నేస్ దగ్గర ప్రెషర్ రోజుకి కొంచెం చొప్పున పెరుగుతూ ఉంటుంది. అదే లోడ్‌కి ఎయిర్ బ్లోవర్ ఇంతకు ముందుకంటే ఎక్కువ కష్టపడుతుంది. లోడ్ పెంచబోతే హై ప్రెషర్ ట్రిప్ (యూనిట్ దానంతట అదే ఆగిపోయే ప్రెషర్) దగ్గరికి వెళ్తుంది కాబట్టి యాసిడ్ గ్యాస్ (హెచ్‌టూఎస్ ఉండే ఫీడ్ గ్యాస్) తగ్గించుకుని నెట్టుకొస్తుంటారు.

మన తిరుపతి, రేణిగుంట, చిత్తూరు వైపు నుంచి మణలి, విశాఖ, జామ్‌నగర్, గల్ఫ్ రిఫైనరీలకి వెళ్ళి షిఫ్టులు చేసే కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ సమస్య మీద ఫోన్ వస్తే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. “అన్నా, ఫస్ట్ కన్వర్టర్ కాటలిస్ట్ పోయినట్టుండాది.” సరే నాయనా, ప్రెషర్ సర్వే చేశారా అంటే “ఇంకా లేదన్నా” అంటారు. సర్వే చేయకుండా కాటలిస్ట్ పోయిందని ఎలా తెలిసిందో నాకైతే అర్థం కాదు. కాటలిస్ట్ మార్చాలంటే షట్‌డౌన్ తీసుకోవాలి, సర్వేకి గేజ్ పట్టుకుని ఒక పూట తిరిగితే చాలు.

ముందు ఎక్కడ ఆగిందో కనుక్కోండి

వైకుంఠం క్యూ కాంప్లెక్స్ బయట లైను కదలకపోతే, బయట నిలబడ్డవాళ్ళకి తెలిసేది లైను ఆగిందన్న సంగతి ఒక్కటే. ఏ కంపార్ట్‌మెంట్ దగ్గర ఆగిందో లోపలికి వెళ్తేనే తెలుస్తుంది. ఫర్నేస్ ప్రెషర్ కూడా అంతే చెబుతుంది, అంతకు మించి చెప్పదు.

0 నుంచి 1 కేజీ (చదరపు సెంటీమీటరుకి) రేంజ్ ఉన్న గేజ్ ఒకటి తీసుకోండి. ప్రతి పాయింట్ దగ్గరా ఆ ఒక్క గేజే వాడాలి. లైన్లో ఉన్న అయిదు గేజ్‌లు అయిదు రకాలుగా అబద్ధం చెబుతాయి, పైగా వాటి ట్యాపింగ్‌లలో సగం సల్ఫర్ గడ్డకట్టి ఉంటాయి. ఫర్నేస్, వేస్ట్ హీట్ బాయిలర్ అవుట్‌లెట్, ప్రతి కండెన్సర్ అవుట్‌లెట్, ప్రతి కన్వర్టర్‌కి ముందూ వెనకా, చివర టెయిల్ గ్యాస్ (సల్ఫర్ తీశాక మిగిలే గ్యాస్) లైను, అన్నిచోట్లా రాసుకోండి. బ్రీతింగ్ సెట్ లేకుండా ఏ ట్యాపింగూ తెరవొద్దని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటా. అయినా చెబుతున్నాను, హెచ్‌టూఎస్ 100 పీపీఎం దాటితే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయింది కదా గ్యాస్ తగ్గిందిలే అనుకునేది అప్పుడే.

సర్వేని పాత సర్వేతో పోల్చేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. డెల్టా పీ (రెండు పాయింట్ల మధ్య ప్రెషర్ తేడా) సుమారుగా ఫ్లో వర్గానికి అనుపాతంలో మారుతుంది. 60 శాతం లోడ్‌లో చేసిన సర్వేని, స్టార్టప్ నాడు 100 శాతంలో చేసిన దానితో అలాగే పక్కపక్కన పెడితే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే 60 శాతంలో ఉండాల్సిన డెల్టా పీ పాతదాంట్లో 36 శాతమే. ముందు ఈ లెక్క సరిచేసి తరవాత పోల్చండి. అన్ని పాయింట్లలోనూ ప్రెషర్ ఒకేలా పైకి జరిగి, మధ్యలో డెల్టా పీలు మామూలుగానే ఉంటే అడ్డం మీ యూనిట్‌లో లేదు, కింద టెయిల్ గ్యాస్ సెక్షన్‌లోనో ఇన్సినరేటర్ వైపో ఉంది. అక్కడికి పోయి చూడండి.

లుక్ బాక్స్ మూత తెరవండి

ఇది అందరికీ తెలిసిన చెక్, అందుకే అందరూ వదిలేసేది. ప్రతి సీల్ లెగ్ (కండెన్సర్ నుంచి ద్రవ సల్ఫర్ దిగే, గ్యాస్‌ని ఆపే గొట్టం) దగ్గరా లుక్ బాక్స్‌లో (ధార చూసుకునే పెట్టె) సల్ఫర్ పడుతోందా లేదా? మొత్తం సల్ఫర్‌లో 60, 70 శాతం ఫర్నేస్ దశలోనే తయారవుతుంది కాబట్టి మొదటి కండెన్సర్ లెగ్ ఆగితే ఎవరికైనా తెలుస్తుంది. చివరి కండెన్సర్ నుంచి వచ్చేది మామూలు రోజుల్లోనే సన్నటి ధార. అది ఆగిపోయి వారమైనా “ఇక్కడ ఎప్పుడూ ఇంతే సార్” అనే మాటే వినిపిస్తుంది. దిగడానికి దారి లేక సల్ఫర్ కండెన్సర్ అవుట్‌లెట్ చానెల్లో నిండి గ్యాస్ దారిని మూస్తుంది. ప్రెషర్ అక్కడి నుంచి వెనక్కి తంతుంది.

లెగ్ ఆగిందని తేలితే మొదట స్టీమ్ జాకెట్ (పైపుని వేడిగా ఉంచే స్టీమ్ తొడుగు) చూడండి. ట్రాప్ (జాకెట్‌లోంచి కండెన్సేట్ నీళ్ళని బయటికి వదిలేది) పనిచేస్తోందా, ఒక జాకెట్ నుంచి ఇంకో జాకెట్‌కి వెళ్ళే జంపోవర్‌లో కండెన్సేట్ నిలిచిందా? రన్‌డౌన్ లైను పొడవునా టెంపరేచర్ గన్ పట్టి చల్లటి చోటు వెతకండి, ఫ్లాంజ్‌ల దగ్గర ముఖ్యంగా. సల్ఫర్ 119 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 150 చుట్టుపక్కల నీళ్ళలా పారుతుంది. ఇక్కడ కొందరు అత్యుత్సాహంతో ఎక్కువ ప్రెషర్ స్టీమ్ పెడతారు. 160 దాటితే సల్ఫర్ పలచబడటం పోయి అమాంతం చిక్కబడుతుంది, 185 దాకా చిక్కబడుతూనే పోతుంది. 7 కేజీల స్టీమ్ అంటే 170 డిగ్రీలు, మీరే లెక్క వేసుకోండి. 3.5 నుంచి 4 కేజీల స్టీమ్ చాలు, 148 నుంచి 152 డిగ్రీలు వస్తాయి.

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ట్రాప్ మార్చి, లెగ్‌లోకి రాడ్ దూర్చి అడ్డం తీసి, టీ తాగి వెళ్ళిపోవచ్చు.

లెగ్ మళ్ళీ మళ్ళీ ఆగుతుంటే

అసలు విషయం ఇదీ. ట్రాప్ కొత్తది, స్టీమ్ సరిపోతోంది, లైను పొడవునా 150 ఉంది. రాడ్ కొడితే పారుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ ఆగుతుంది. ఆగేది కూడా ఎప్పుడూ చివరి కండెన్సర్ దగ్గరే. అప్పుడు ఇన్సులేషన్ విప్పడం, ట్రేసింగ్ (పైపు వెంట పెట్టే వేడి) పెంచడం, మెకానికల్ వాళ్ళని తిట్టడం మొదలవుతుంది. ఎవరూ అడగని ప్రశ్న ఒకటే: రాడ్‌తో పాటు బయటికొచ్చిన ఆ ముద్ద ఏమిటి?

పచ్చగా ఉంది కాబట్టి సల్ఫరే అనుకుంటారు. కొంచెం ల్యాబ్‌కి పంపండి. ఫ్యూమ్ హుడ్ కింద వేడి చేస్తే సల్ఫర్ 119 దగ్గర కరిగిపోవాలి. కరగకుండా తెల్లగా, పొడిగా ఏదో మిగిలితే దాన్ని వేడి నీళ్ళలో వేయండి. సల్ఫర్ నీళ్ళలో కరగదు, ఇది కరిగితే అమ్మోనియం లవణం. ఆ నీళ్ళలో రెండు చుక్కలు కాస్టిక్ వేస్తే అమ్మోనియా ఘాటు వస్తుంది. ఇక అనుమానం అక్కర్లేదు. ఆ లవణాన్ని 150 డిగ్రీల జాకెట్ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. మీరు ట్రేసింగ్ ఎంత పెంచినా అది అక్కడే ఉంటుంది.

అమ్మోనియా వచ్చేది సోర్ వాటర్ స్ట్రిప్పర్ (రిఫైనరీ మురికి నీళ్ళలోంచి హెచ్‌టూఎస్, అమ్మోనియా విడదీసేది) నుంచి. ఆ గ్యాస్‌లో అమ్మోనియా, హెచ్‌టూఎస్, నీటి ఆవిరి దాదాపు మూడో వంతు చొప్పున ఉంటాయి. ఫర్నేస్‌లో అమ్మోనియా పూర్తిగా కాలి నైట్రోజన్ కావాలంటే కనీసం 1250 డిగ్రీలు కావాలి. టెంపరేచర్ ఒక్కటే చాలదు, తగినంత సమయమూ, బర్నర్ దగ్గర మంచి మిక్సింగూ ఉండాలి. కాలకుండా మిగిలిన అమ్మోనియా బాయిలర్, కన్వర్టర్లు అన్నీ దాటుకుని పోయి, అన్నిటికంటే చల్లగా ఉండే చివరి కండెన్సర్‌లో లవణంగా కూర్చుంటుంది. అంటే తప్పు జరిగిన చోటుకీ, బాధ కనిపించే చోటుకీ మధ్య మొత్తం యూనిట్ ఉంటుంది. మనుషులు చివరి కండెన్సర్ చుట్టూ తిరుగుతూనే ఉంటారు.

పేరు చెప్పను, ఒక రిఫైనరీలో ఇదే నడిచింది. చివరి లెగ్ మూసుకోవడం, రాడ్ కొట్టడం, ఇదే రొటీన్. వాళ్ళ లాగ్ షీట్ తెప్పించి చూస్తే ఫర్నేస్ టెంపరేచర్ 1180, 1170, వారాల తరబడి అంతే. ఎవరూ ఎర్ర గీత పెట్టలేదు, ఎందుకంటే షీట్‌లో రాసి ఉన్న కనీస పరిమితి 1050. ఆ యూనిట్ మొదట అమైన్ యాసిడ్ గ్యాస్‌కి (అమైన్ యూనిట్ నుంచి వచ్చే గ్యాస్) మాత్రమే కట్టింది, దానికి 1050 చాలు. తరవాత సోర్ వాటర్ గ్యాస్ లైను తెచ్చి కలిపారు. ముందు జోన్ వేడిగా ఉండేలా ఫర్నేస్ వెనక జోన్‌కి కొంత యాసిడ్ గ్యాస్ మళ్ళించే వాల్వ్ పెట్టారు, అన్నీ చేశారు, అలారం సెట్టింగూ లాగ్ షీట్ పరిమితీ మాత్రం పాతవే. ఆ మళ్ళింపు వాల్వ్ కూడా ప్యానెల్లో 30 శాతం తెరిచినట్టు కనిపిస్తోంది కానీ ఫీల్డ్‌కి వెళ్ళి చూస్తే దాదాపు మూసుకుని ఇరుక్కుని ఉంది. స్క్రీన్ మీద ఉన్నది మనం ఇచ్చిన ఆర్డరు, వాల్వ్ ఎక్కడుందో కాదు. దాంతో యాసిడ్ గ్యాస్ అంతా ముందు జోన్‌కే పోయి అక్కడి వేడి పడిపోయింది.

పరిష్కారం ఎలాగంటే, ముందు ఫర్నేస్ రీడింగ్ నమ్మదగినదో కాదో చూడండి. థర్మోకపుల్, పైరోమీటర్ (అద్దం గుండా బయటి నుంచి వేడి చదివేది) రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. పైరోమీటర్ అద్దం తుడవకుండా ఏ రీడింగూ నమ్మొద్దు. తరవాత టెంపరేచర్ పెంచే దారులు: రెండు జోన్ల ఫర్నేస్ అయితే సోర్ వాటర్ గ్యాస్ అంతా, గాలి అంతా ముందు జోన్‌కే ఉంచి అమైన్ యాసిడ్ గ్యాస్‌లో కొంత వెనక్కి మళ్ళించండి. అతి చేయకండి, ఎక్కువ మళ్ళిస్తే ముందు జోన్‌లో ఆక్సిజన్ మిగిలిపోయి ఎస్‌ఓత్రీ (సల్ఫర్ ట్రయాక్సైడ్), నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) తయారవుతాయి. ఎస్‌ఓత్రీ ఉంటే అమ్మోనియం సల్ఫేట్ అనే ఇంకో తలనొప్పి. గాలినీ యాసిడ్ గ్యాస్‌నీ ప్రీహీట్ చేసే సౌకర్యం ఉంటే వాడండి. ఆక్సిజన్ ఎన్‌రిచ్‌మెంట్ ఉన్నవాళ్ళకి ఈ సమస్య అసలు తక్కువ. ఫ్యూయల్ గ్యాస్ తోడు పెట్టడం చివరి మార్గం, అది సరిగ్గా కాలకపోతే మసి, కాలినా సీఓఎస్, సీఎస్‌టూ అనే కార్బన్-సల్ఫర్ వాయువులు.

లోడ్ బాగా తగ్గినప్పుడు ఇంకో మోసం ఉంది. టెంపరేచర్ 1250 పైనే చూపిస్తుంది, కానీ బర్నర్‌లో వేగం పడిపోయి మిక్సింగ్ చెడిపోవడంతో అమ్మోనియా జారిపోతుంది. అలాంటి రోజుల్లో సోర్ వాటర్‌ని ట్యాంకులో ఆపుకోవడం మంచిది. స్టార్టప్‌లో కూడా 1250 చేరేదాకా ఆ గ్యాస్ తీసుకోకండి, పై నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా.

పేరుకున్న లవణం సంగతి: యూనిట్ నడుస్తుండగా రాడ్ కొట్టడమే దారి. నీళ్ళలో కరుగుతుంది కదా అని వేడి సల్ఫర్‌లోకి నీళ్ళు పంపాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి, నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై సల్ఫర్ మొహం మీదికి చిమ్ముతుంది. కడగడం షట్‌డౌన్‌లోనే, సల్ఫర్ అంతా తీసేసి చల్లబడ్డాక, కడిగిన వెంటనే ఆరబెట్టాలి. తడి సల్ఫర్ కార్బన్ స్టీల్‌ని తినేస్తుంది. కొత్త యూనిట్ డిజైన్‌లో మీ మాట చెల్లే అవకాశం ఉంటే ప్రతి రన్‌డౌన్‌కీ తిన్నగా రాడ్ దూరే పాయింట్ అడగండి. లైను పొట్టిగా, వాలుగా, వంపులు లేకుండా ఉండాలి. ఈ చిన్న విషయం డ్రాయింగ్‌లో వదిలేస్తే ఇరవై ఏళ్ళు ఆపరేటర్ అనుభవిస్తాడు.

మిగతావి, త్వరగా

సర్వేలో డెల్టా పీ ఫస్ట్ కన్వర్టర్ మీదే పెరిగి, సల్ఫర్ నల్లగా వస్తుంటే అది మసి, హైడ్రోకార్బన్ సరిగ్గా కాలక వచ్చేది. అమైన్ ఫ్లాష్ డ్రమ్‌లో హైడ్రోకార్బన్ స్కిమ్ చేస్తున్నారా, నాకౌట్ డ్రమ్ (గ్యాస్‌తో వచ్చే ద్రవాన్ని ఆపేది) డ్రెయిన్ చేస్తున్నారా చూడండి. మొన్న స్టార్టప్‌లో ఫ్యూయల్ గ్యాస్‌కి గాలి తక్కువ పెట్టి వేడి చేశారేమో కూడా అడగండి. కాటలిస్ట్ నిజంగా దోషి అయ్యేది ఇక్కడే, అదీ పై పొర వరకే.

స్ట్రిప్పర్ ఓవర్‌హెడ్ ప్రెషర్ పెరిగి ఎస్‌ఆర్‌యూ మామూలుగా ఉంటే, సోర్ వాటర్ గ్యాస్ లైన్లోనే లవణం కట్టింది. ఆ లైను 85 డిగ్రీలకి తగ్గకూడదు, ట్రేసింగ్ చూడండి. కాటలిస్ట్ సపోర్ట్ స్క్రీన్ కూలడం, రిఫ్రాక్టరీ ఇటుక ఊడి దారికి అడ్డం పడటం ఉంటాయి కానీ అరుదు, షట్‌డౌన్‌లో తెలుస్తుంది. బాయిలర్ ట్యూబ్ లీకు కూడా ఉండొచ్చు. బాయిలర్ ఫీడ్ వాటర్‌లో బ్లోడౌన్ (బయటికి వదిలే నీళ్ళు) పోను మిగిలింది స్టీమ్ లెక్కకి సరిపోవాలి. సరిపోకపోతే మాత్రం అది ఫోన్‌లో తేలే పని కాదు, వెంటనే మీ ఇన్‌చార్జికి చెప్పి యూనిట్ దించే ఏర్పాటు చూడండి.

ఇంకొక్కటి. ప్రెషర్ పెరుగుతున్నంత కాలం సీల్ లెగ్ లోతు గుర్తుంచుకోండి. ఒక మీటరు ద్రవ సల్ఫర్ ఆపగలిగేది సుమారు 0.18 కేజీ. నాలుగు మీటర్ల లెగ్ అయితే 0.7 దగ్గర గ్యాస్ తోసుకుని లుక్ బాక్స్ గుండా బయటికి వస్తుంది. ట్రిప్ సెట్టింగ్ దానికి కిందే ఉండాలి, దాన్ని బైపాస్ చేసి లోడ్ లాగమని ఎవరైనా అంటే కాగితం మీద రాసి ఇవ్వమనండి.