బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత ప్రయాణం

బేరియాట్రిక్ (బరువు తగ్గించే) శస్త్రచికిత్స జరిగిన తొలి వారాల్లో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, దూరప్రయాణానికి టికెట్ కొనకముందే సర్జన్ అనుమతి తీసుకోవాలి. చాలామంది వైద్యులు 4 నుంచి 6 వారాలు ఆగమంటారు. వెళ్లక తప్పనప్పుడు నడవా పక్క సీటు ఎంచుకుని, గంటకోసారి లేచి కాస్త నడవాలి, కూర్చున్నంతసేపూ పాదాలు ఆడిస్తుండాలి.

అసలు చిక్కు నీళ్లతోనే వస్తుంది. శస్త్రచికిత్సతో చిన్నదైన జీర్ణాశయం ఒక్కసారిగా గ్లాసెడు నీళ్లను పట్టుకోలేదు, పైగా తిన్న తర్వాత సుమారు 30 నిమిషాల వరకు తాగకూడదంటారు. అందువల్ల సీసాను చేతికందేలా ఉంచుకుని, దాహం వేయకముందే కొద్దికొద్దిగా గుటక వేస్తుండాలి. మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు మానేసేవారున్నారు, అది ఏ రకంగానూ తెలివైన పని కాదు. గ్యాస్ నిండిన పానీయాలు వద్దు. తీపి పదార్థాలు, ముఖ్యంగా గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే శస్త్రచికిత్స) చేయించుకున్నవారిలో, చెమటలు, గుండెదడ, విరేచనాలు తెచ్చిపెట్టవచ్చు.

విటమిన్లు, మందులు, ప్రోటీన్ పొడి, శస్త్రచికిత్స వివరాల పత్రం చేతిసంచిలోనే ఉండాలి. తలనొప్పికి తోటి ప్రయాణికులు ఇచ్చే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు జీర్ణాశయంలో పుండ్లకు దారితీయవచ్చు కనుక వాటిని తీసుకోకూడదు. ఒక పిక్క వాచినా, ఊపిరి అందకపోయినా, వాంతులు ఆగకపోయినా, గమ్యం చేరేదాకా చూడకుండా వెంటనే అత్యవసర వైద్యం పొందాలి.