ఊబకాయంపై ఆన్‌లైన్ పత్రికల వార్తలను ఎలా చదవాలి?

ఊబకాయం గురించిన వార్తను తెరిచినప్పుడు శీర్షికలో కనిపించే శాతాన్ని కాసేపు పక్కన పెట్టి, దాన్ని ఏ కొలమానంతో లెక్కించారో ముందుగా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచీ) 25కు చేరితే అధిక బరువు, 30కు చేరితే ఊబకాయం. అంతకంటే తక్కువ బీఎంఐ దగ్గరే భారతీయులకు మధుమేహం, గుండె జబ్బుల ముప్పు మొదలవుతున్నందున, మన వైద్య నిపుణులు 2009లో ప్రకటించిన మార్గదర్శకాలు ఈ హద్దులను 23కు, 25కు తగ్గించాయి. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్నవారికి అది సుమారు 25.7. అదే మనిషిది మొదటి లెక్కలో అధిక బరువు, రెండో లెక్కలో ఊబకాయం.

ఈ తేడా ఎంత దూరం వెళుతుందో మన రాష్ట్రాల గణాంకాల్లోనే చూడవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల మహిళల్లో బీఎంఐ 25 గానీ అంతకు మించి గానీ ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం, దేశం మొత్తం మీద 24 శాతం. సర్వే వీరందరినీ ‘అధిక బరువు లేదా ఊబకాయం’ అనే ఒకే వర్గంలో చూపింది. శీర్షికలో చోటు చాలక ‘అధిక బరువు’ అనే మాట ఎగిరిపోతే, ప్రతి ముగ్గురిలో ఒకరు ఊబకాయులన్న అర్థం మిగులుతుంది. కాబట్టి కథనంలో సర్వే పేరు, సంవత్సరం, వయోపరిమితి, హద్దు అనే నాలుగూ ఉన్నాయో లేదో వెతకండి. 2022లో ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా ఊబకాయంతో ఉన్నారన్న అంచనా పెద్దల విషయంలో 30 అనే హద్దుపై ఆధారపడింది. దాన్ని మన సర్వే అంకెల పక్కన పెట్టి పోల్చిన వార్తను నమ్మవద్దు. 2015-16 సర్వేలో దేశ మహిళల్లో 20.6గా ఉన్న శాతం తర్వాతి సర్వేలో 24కు చేరిందని రాస్తే మాత్రం అది సరైన పోలికే, ఆందోళన పడవలసిన పోలిక కూడా.

బీఎంఐ కొవ్వునూ కండనూ వేరుచేసి చెప్పలేదు. పొట్ట చుట్టూ చేరే కొవ్వు మనవారికి ఎక్కువ హాని చేస్తుంది గనుక, నడుము చుట్టుకొలత ఊసే ఎత్తని ఆరోగ్య కథనాన్ని నేను అసంపూర్ణంగానే భావిస్తాను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మన హద్దులు.

‘ముప్పు 50 శాతం ఎక్కువ’ అని రాసినచోట, ఎంతలో ఎక్కువ అని అడగాలి. ఉదాహరణకు, వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ముగ్గురికి వచ్చినా అది 50 శాతం పెరుగుదలే. ప్రయోగం ఎలుకలపై జరిగిందా, మనుషులపై జరిగిందా అన్న సంగతి తరచుగా చివరి పేరాల్లో ఉంటుంది గనుక అక్కడిదాకా చదవాలి.

2025లో మధుమేహానికీ బరువు తగ్గించడానికీ వాడే టిర్జెపటైడ్, బరువు తగ్గించడానికే ఉద్దేశించిన సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. ఈ మందుల గురించిన కథనంలో వికారం, వాంతుల వంటి దుష్ప్రభావాలను, మానేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుందన్న సంగతిని, మాట్లాడిన వైద్యుడికి తయారీ సంస్థతో ఉన్న సంబంధాన్ని చెప్పారో లేదో చూడండి. ‘ప్రాయోజిత’ అన్న చిన్న అక్షరాలు కనిపిస్తే దాన్ని ప్రకటనగానే చదవాలి.

చివరిగా ఫొటోను చూడండి. తల కత్తిరించి పొట్టను మాత్రమే చూపే చిత్రం, తిండిపోతుతనమే మూలకారణమన్నట్టు సాగే రాత, ఆ శరీరంతో బతుకుతున్నవారిని ఎంతగానో గాయపరుస్తాయి. జన్యువులు, నిద్రలేమి, స్టెరాయిడ్ వంటి మందులు, నడవడానికి వీల్లేని వీధులు, చవకగా దొరికే నూనె పదార్థాలు ఇవన్నీ బరువుకు కారణమవుతాయి. వాటి ప్రస్తావన లేకపోతే సంపాదకుడికి మర్యాదగా నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. ఏ తేదీ కథనమో, ఏ చిత్రమో చెప్పి, దాని బదులు ముఖం కనిపించేలా, గౌరవంగా, అనుమతితో తీసిన ఫొటో వాడమని కోరండి.